మోతీ ఒంటి మీద ఒక్క కాయ లేదు

మోతీ తోక కత్తిరించిన సాయంత్రమే రాజేష్ మనోజ్ఞను మొదటిసారి చూశాడు.

తప్పు పూర్తిగా అతనిదే అనడానికి లేదు. పవర్ స్టేషన్‌లో ఓవర్‌టైం ముగించుకుని, కాలవ గట్టు మీదుగా సైకిల్ తొక్కుకుంటూ పాల్వంచ కాలనీకి వస్తున్నాడు. దసరా వెళ్లిన వారం అది. వానలకు ఏపుగా పెరిగిన కలుపంతా ఎండిపోయి, గట్టుకు రెండు పక్కలా ముళ్ల కాయలు పట్టుకుని దారిన పోయేవాళ్ల కోసం కాచుకుని ఉంది. తూము దగ్గర పొదలో ఏదో తెల్లగా కొట్టుకుంటోంది. రాజేష్ పాలిథిన్ సంచి అనుకున్నాడు.

సంచి మొరిగింది.

దిగి చూస్తే పామేరియన్ కుక్క. చెవుల వెనకా పొట్ట కిందా కాయలే. తోక అయితే పొదకు పెట్టి కుట్టేసినట్టుంది. రాజేష్ చెయ్యి పెట్టాడు. కుక్క కరిచింది. బ్యాగులోంచి బాయిలర్ దగ్గర వాడే తోలు గ్లౌజులు తీసి తొడుక్కుని మళ్లీ పెట్టాడు. ఈసారి గ్లౌజును కరిచింది. కాయ పట్టుకుని లాగబోతే ప్రాణం పోతున్నట్టు ఏడ్చింది. ఇక లాభం లేదని ఇన్సులేషన్ గుడ్డ కోసే కత్తెర తీశాడు.

మూడు కత్తిరింపుల్లో కుక్క బయటపడింది.

"ఓయ్! ఏం చేస్తున్నావ్ మా కుక్కని?"

గట్టు మీద ఒకమ్మాయి నిలబడి ఉంది. చేతిలో ఖాళీ గొలుసు, పరుగెత్తిన రొప్పు, ముక్కు మీద కోపం.

"కాపాడుతున్న," అన్నాడు రాజేష్.

"కాపాడితే దీని తోకేది?"

ఇద్దరూ పొద వైపు చూశారు. తెల్లటి కుచ్చు ఒకటి కొమ్మకు వేలాడుతూ గాలికి ఊగుతోంది.

"తోక కాదు మేడం, బొచ్చు. తోక లోపల మంచిగనే ఉన్నది. చూడండి, ఊపుతుంది కూడా."

నిజమే, మోతీ ఊపుతోంది. ఈకలు పీకిన కోడిమెడలా ఉంది ఆ ఊపేది. ఆ అమ్మాయి పెదవి బిగబట్టింది. ఏడుపు ఆపుకుంటోందో, నవ్వు ఆపుకుంటోందో రాజేష్‌కు తెలియలేదు.

"ఇది మా నాన్న కుక్క. రోజూ పొద్దున్నే దాని తోక దువ్వితే గానీ ఆయన పేపరు ముట్టుకోడు. ఇప్పుడు ఆయనకేం చెప్పాలి?"

"కాయలు వస్తలేవు మరి. ఏం జేయమంటరు?"

"కొబ్బరినూనె రాసి దువ్వెనతో నెమ్మదిగా తీయాలి."

"డ్యూటీకి కొబ్బరినూనె తీస్కపోను గద మేడం."

ఆమె కుక్కకు గొలుసు తగిలించింది. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"రేపు ఇదే టైంకి ఇక్కడికి రండి."

"ఎందుకు?"

"చేసిన పాపం కడుక్కోవడానికి."

మర్నాడు వెళ్లకూడదనే రాజేష్ అనుకున్నాడు. సాయంత్రం రెండోసారి గడ్డం గీసుకున్నది మాత్రం వేరే కారణానికని తనకు తనే చెప్పుకున్నాడు.

ఆమె తూము పక్కన మోరీ గోడ మీద కూర్చుని ఉంది. పక్కన నూనె సీసా, దువ్వెన. కుడిచేతి బొటనవేలికి కట్టు. కాళ్ల దగ్గర మోతీ, మళ్లీ ఒళ్లంతా కాయలతో.

"గ్లౌజులు తెచ్చారా?" అంది పలకరింపు కూడా లేకుండా.

"తెచ్చిన. ముందు పేరు చెప్పండి. ఎవరి కోసం కుక్కతోని కరిపించుకోవాల్నో తెలియాలె గద."

"మనోజ్ఞ. కంప్యూటర్ సెంటర్లో సీ లాంగ్వేజ్ చెప్తాను. మా నాన్న చెంచురామయ్య, బస్టాండు దగ్గర ఎరువుల షాపు. సరిపోయిందా?"

"తోక సంగతి ఇంట్లో ఏం చెప్పిండ్రు?"

"గేటులో పడిందన్నాను. నాన్న గేటునే తిట్టాడు." మనోజ్ఞ గొంతు తగ్గించింది. "అసలు గొడవ తోక గురించి కాదు. నిన్న ఇది ఇంటికెళ్లి మా అమ్మ చీర మీద పొర్లింది. అట్లతద్దికని బయటికి తీసిన పట్టుచీర. కాయలన్నీ చీరకు పట్టుకుని పోగులు లేచిపోయాయి. ఇంకొక్కసారి ఈ కాయలతో గడప తొక్కితే, మోతీ చండ్రుగొండలో మా తోటకేనంది."

"తోటంటే మంచిదే గద. తిరుగుతది."

"అక్కడ కాపలా ముసలయ్య దగ్గర నాలుగు వేటకుక్కలున్నాయి. దీన్ని బంతి అనుకుంటాయి."

రాజేష్ మోతీని చూశాడు. నిజంగానే బంతిలా ఉంది.

"అయితే ఈ గట్టు మీదికి తీసుకరాకండి."

"ఇంకెక్కడ తిప్పను? మా వీధిలో లారీలు. కాలనీ పార్కులోకి కుక్కల్ని రానివ్వరు. ఊరికి ఏ దిక్కున పోయినా ఇవే కాయలు. తిప్పకపోతే ఇంట్లోనే కానిచ్చేస్తుంది, దానికీ తోటే శిక్ష." ఆమె కట్టు కట్టిన వేలు చూపించింది. "ఒక్కదాన్నే తీస్తే కరుస్తుంది. నాన్న దువ్వితే ఒప్పుకుంటుంది గానీ, కాయ మీద చెయ్యి పడిందో, ఆయన్నీ వదలదు. ఒకరు మూతి పట్టుకోవాలి, ఒకరు తీయాలి. మీకు గ్లౌజులున్నాయి."

"గ్లౌజులు కావాల్నా, నేను కావాల్నా?"

"ప్రస్తుతానికి గ్లౌజులు."

రాజేష్ మోతీ మూతి పట్టుకున్నాడు. మనోజ్ఞ కాయ మీద రెండు చుక్కల నూనె వేసింది. చర్మానికి ఆనించి వెంట్రుకల మొదలు ఒక చేత్తో బిగించి పట్టుకుంది. రెండో చేత్తో ఒక్కో వెంట్రుకనూ కాయలోంచి వెనక్కి జార్చింది. లాగుడంతా వేళ్ల మీద ఆగిపోతోంది, ఒంటి దాకా పోవడం లేదు. మోతీ గుర్రుమంది గానీ కరవలేదు.

"మొదలు పట్టుకోకుండా లాగితేనే దానికి మండేది," అంది మనోజ్ఞ. "నిన్న మీరు చేసింది అదే."

"తర్వాత కత్తెర పట్టిన. అది మండలే గద?"

"అది నాకు మండింది."

చీకటి పడేలోపు మోతీ మంచు ముద్దలా తయారైంది. ఒక్క కాయ లేదు.

అలా మొదలైంది. మొదటి వారం అది పాపం కడుక్కోవడమే. రెండో వారానికి ఏమిటన్నది ఒకరినొకరు అడగలేదు.

రాజేష్‌ది షిఫ్టు డ్యూటీ. పొద్దుటి 'ఏ' షిఫ్టు వారం సాయంత్రాలు ఖాళీ. మధ్యాహ్నపు 'బీ' షిఫ్టు వారం పొద్దుటిపూట ఖాళీ. నైట్ షిఫ్టు వారమైతే నిద్ర లేచాక, మధ్యాహ్నం. మోతీ షికారు కూడా వారం వారం మారిపోయింది. కంప్యూటర్ సెంటర్లో మనోజ్ఞ బ్యాచ్‌లు కూడా ముందుకూ వెనక్కూ జరిగాయి.

"మీ కోసం కాదు," అంది ఆమె. "లాబ్‌లో సిస్టమ్స్ ఖాళీ ఉండట్లేదు."

"నేను అడగలే."

"అడుగుతారేమోనని."

మోతీ కూడా మారింది. మొదట గ్లౌజుల చేతిని కరిచేది, తర్వాత కరిచినట్టు నటించేది. ఒక రోజు రాజేష్ గ్లౌజులు మరిచిపోయి వచ్చాడు. కుక్క అతని ఉత్త చెయ్యి వాసన చూసి, మోరీ గోడ మీద వెల్లకిలా పడుకుని పొట్ట చూపించింది. ఆ తర్వాత గ్లౌజులు బ్యాగులోనే ఉండిపోయాయి. కాయలు తీసే పని రాజేష్‌ది, కబుర్లు చెప్పే పని మనోజ్ఞది అయింది.

"మీ ఊళ్లో కుక్కలకు కాయలు అంటవా?"

"మా కుక్కలకు ఇంత బొచ్చుండదు. అంటినా వాటి పంటితోని అవే పీక్కుంటయి. గిట్ల మనిషిని పెట్టి తీయించుకునుడు వాటికి తెల్వదు."

"మీ ఊరేది?"

"భద్రాచలం దాటి, దుమ్ముగూడెం దాటినంక. బస్సు దిగి అడివిల నడవాలె. మేం కోయోళ్లం. అమ్మ జంపక్క, నాయిన పగిడయ్య. పోడు కొట్టుకుంటరు, ఎండకాలం తునికాకు తెంపుతరు. నేను ఐటీఐ చేసి ఈడ పడ్డ."

"మాది గుంటూరు వైపు. నాన్న కుర్రతనంలో మిర్చినారు పట్టుకుని ఈ జిల్లాకొచ్చాడట."

"తెలుసు. మా తాత చెప్పేటోడు. మిర్చినారు వచ్చింది, దాని ఎనక మనుషులొచ్చిండ్రు, మనుషుల ఎనక కంచెలొచ్చినయని."

మనోజ్ఞ దువ్వెనకు పట్టిన బొచ్చు తీయసాగింది.

"మీరు తేలేదు గద కంచె," అన్నాడు రాజేష్. "మీరు కుక్కను తెచ్చిండ్రు. ఆ చెవి ఇటు తిప్పండి, లోపల ఒకటుంది."

కార్తీకంలో ఒక రోజు ఉన్నట్టుండి వాన పట్టుకుంది. ముగ్గురూ తూము మీది రేకుల పంచ కిందికి పరుగెత్తారు. పంచ ఒకరికి ఎక్కువ, ఇద్దరికి తక్కువ. మనోజ్ఞ చున్నీ కొసను పిండుతోంది. తడిసిన జుట్టు చెంపకు అతుక్కుంది. అందులో ఎలా చేరిందో ఒక చిన్న ముళ్ల కాయ.

"కదలకండి," అన్నాడు రాజేష్.

"ఎందుకు?"

"కాయ."

అలవాటైన వేళ్లు మొదలు పట్టుకుని ఒక్కో వెంట్రుకనూ జార్చాయి. మనోజ్ఞ కదల్లేదు. గుర్రుమనలేదు కూడా. కాయ చేతికొచ్చింది. చెయ్యి వెనక్కి రావడానికి మాత్రం కొంచెం టైం పట్టింది.

"మనోజ్ఞా, ఒక మాట చెప్పాలె," అన్నాడు.

సరిగ్గా అప్పుడే మోతీ ఒళ్లు దులుపుకుంది. కాలవలో ఎన్ని నీళ్లున్నాయో అన్ని నీళ్లు వాళ్లిద్దరి మీదా పడ్డాయి. మనోజ్ఞ కెవ్వుమంది, నవ్వింది, తుమ్మింది. మాట అక్కడే ఆగిపోయింది.

కథ సాఫీగా సాగుతున్న చోటే దెబ్బ తగిలింది. బాయిలర్ సెక్షన్లో రాజేష్‌తో పాటు పనిచేసే రామ్‌సింగ్, ఇంట్లో ఎవరికో జ్వరమని చెప్పి షిఫ్టు మార్చుకోమని బతిమాలాడు. రాజేష్ సరేనన్నాడు. గట్టు మీద ఒకమ్మాయి ఎదురు చూస్తుందని గుర్తొచ్చేసరికి పవర్ స్టేషన్ గేటు దాటి లోపలికి వచ్చేశాడు. ఫోన్ చేద్దామంటే నంబరు లేదు. ఇన్నాళ్లలో ఇద్దరూ నంబర్లు అడగలేదు. అడిగితే ఇంకేదో ఒప్పుకున్నట్టవుతుందని ఇద్దరికీ భయం.

మర్నాడు పొద్దున మనోజ్ఞ ముఖం చూడగానే అతనికి విషయం అర్థమైంది.

"ఎక్కడికెళ్లారు నిన్న?"

"రామ్‌సింగ్‌కి షిఫ్టు మార్చి..."

"ఎంతసేపు కూర్చున్నానో తెలుసా? ఇది గోడ దిగితే ఒట్టు. మీరు వచ్చే దారి చూస్తూ కూర్చుంది. చివరికి ఎత్తుకుని తీసుకుపోయాను. ఒక్కదాన్నే ఎట్లా తీయను కాయలు? సంచిలో దాచి లోపలికి తీసుకుపోదామంటే, అమ్మ గడప దగ్గరే నిలబడి ఉంది."

"ఏమన్నరు?"

"ఆదివారం ఎరువుల టెంపో చండ్రుగొండ పోతోంది. అందులో మోతీని ఎక్కించేస్తుందట."

"మీ నాన్న?"

"నాన్న ఏమీ అనలేదు. చూద్దాం అన్నాడు. నాన్న చూద్దాం అన్నాడంటే పని అయిపోయినట్టే." మనోజ్ఞ కళ్లు తిప్పుకుంది. "కుక్క పోతే ఇక నేను ఏ వంకతో బయటికి రావాలి?"

నోరు జారిందని ఆమెకు వెంటనే తెలిసింది. రాజేష్‌కు కూడా తెలిసింది.

"ఈ బాధ కుక్క కోసమా, నా కోసమా?"

"ప్రస్తుతానికి కుక్క కోసం," అంది మనోజ్ఞ. ముఖం మాత్రం ఆ మాటకు ఒప్పుకోలేదు. ఫోన్ తీసి అతని చేతిలో పెట్టింది. "నంబరు కొట్టండి. ఇంకోసారి షిఫ్టు మారితే కనీసం మిస్డ్ కాల్ ఇవ్వండి."

శనివారం పొద్దున రాజేష్ ఫోన్‌ను క్వార్టర్లో చార్జింగ్‌కు పెట్టి మరిచిపోయి బయల్దేరాడు. ఆ ఫోన్‌లో అప్పటికే మనోజ్ఞ మిస్డ్ కాల్స్ వరసగా పడుతున్నాయి.

మోరీ గోడ మీద తెల్ల పంచె, సగం చేతుల చొక్కా కనిపించాయి. పక్కన మడిచిన గొడుగు. అరవైకి దగ్గర పడుతున్న మనిషి, మనోజ్ఞ కూర్చునే చోటే కూర్చుని ఉన్నాడు. గొలుసు కొసన మోతీ. దాన్ని పొదల్లోనే తిప్పి తెచ్చినట్టుంది, తెలుపు కనబడనన్ని కాయలు.

వెనక్కి తిరిగిపోదామంటే సైకిల్ అప్పటికే దగ్గరికి వచ్చేసింది. పోనిచ్చేద్దామంటే మోతీ చూసేసింది. ఊపడానికి బొచ్చు లేని తోకను విరిగిపోయేలా ఊపుతోంది.

"బాబూ, ఒక్క నిమిషం ఆగు," అన్నాడు మనోజ్ఞ నాన్న చెంచురామయ్య. "కొంచెం సాయం చేస్తావా? ఈ కుక్కకు కాయలు అంటుకున్నాయి. నేను తీస్తే కరుస్తోంది."

మణికట్టు మీద పంటి గాటు చూపించాడు. తాజాదే.

రాజేష్ సైకిల్ స్టాండ్ వేశాడు. "కరుస్తదా సార్?" అన్నాడు, గొంతు వీలైనంత మామూలుగా పెట్టి.

"కొత్తవాళ్లను అసలు వదలదు. జాగ్రత్త."

మోతీ వచ్చి అతని కాళ్ల దగ్గర వెల్లకిలా పడుకుంది.

చెంచురామయ్య దాని వంక చూడలేదు. కాలవ వంక చూస్తూ కూర్చున్నాడు.

రాజేష్ మోకాళ్ల మీద కూర్చుని మొదటి కాయ మీద వేలు పెట్టాడు. అక్కడ ఆగిపోయాడు. దారి స్పష్టంగా కనిపిస్తోంది. మొదలు పట్టుకోకుండా ఒక్క గుంజు గుంజితే చాలు. మోతీ కరుస్తుంది. తను అబ్బా అని చెయ్యి దులుపుకుంటాడు. 'నావల్ల కాదు సార్' అని సైకిల్ ఎక్కేస్తాడు. ముసలాయన అనుమానం తీరి ఇంటికి పోతాడు. మనోజ్ఞ మీద మాట రాదు. పన్ను దిగిన చోట నాలుగు రోజులు నొప్పి, అంతే.

మోతీ కళ్లు మూసుకుని పడుకుని ఉంది. తీసేవాడు ఎవరో దానికి తెలుసు.

రాజేష్ రెండు వేళ్లతో వెంట్రుకల మొదలు బిగించి పట్టుకున్నాడు. రెండో చేత్తో కాయలోంచి ఒక్కో వెంట్రుకనూ జార్చాడు. మొదటి కాయను గోడ మీద పెట్టాడు. తర్వాత రెండోది. తర్వాత లెక్క లేదు.

పొట్ట కింద, చెవుల వెనక, కాలివేళ్ల సందుల్లో, అన్నీ అయ్యేదాకా చెంచురామయ్య అలాగే కూర్చున్నాడు. గోడ మీద కాయలు కుప్ప పడ్డాయి. చివరి కాయ వచ్చాక మోతీ లేచి ఒళ్లు దులుపుకుని ఇద్దరి మధ్యా కూర్చుంది.

"పేరు?"

"రాజేష్ సార్. బాయిలర్ సెక్షన్."

"పవర్ స్టేషనన్నది తెలిసిందేలే. పేరు ఒక్కటే తెలియంది." ఆయన గొడుగు పక్కకు జరిపాడు. "కూర్చో. నేను కలుపుమందులు అమ్ముకునేవాణ్ణి. ఈ నెలలో వీధి చివరిదాకా పోయొచ్చినా నా పంచెకు కాయలుంటాయి. అలాంటిది ఇంత బొచ్చున్న కుక్క గట్టంతా తిరిగి, ఒంటి మీద ఒక్క కాయ లేకుండా ఇంటికొస్తోంది. పోయినప్పటి కంటే శుభ్రంగా వస్తోంది. పైగా కొబ్బరినూనె వాసన."

రాజేష్ తల వంచుకున్నాడు.

"మా అమ్మాయికి తన జడ తను వేసుకునే ఓపిక లేదు. ఉన్నా, ఈ పని ఒక్కరివల్ల కాదు. నాకు తెలుసు, నేనూ కరిపించుకున్నా. మరి రెండో మనిషెవరు? ఇంతలో ఇంకో తమాషా. ఈ కుక్క ఒక వారం పొద్దున తిరుగుతుంది, ఒక వారం సాయంత్రం, ఒక వారం మిట్టమధ్యాహ్నం ఎండలో. పాల్వంచలో అట్లా టైం మార్చుకునేది పవర్ స్టేషన్ వాళ్లే. మా కుక్కకైతే అందులో ఉద్యోగం రాలేదు."

"సార్, తప్పు నాదే. మనోజ్ఞ..."

"ఆగు. మొన్న కాయలతో వచ్చింది. సరే, రెండో మనిషి రాలేదన్నమాట, ఇద్దరికీ చెడిందేమో అనుకున్నా. మంచిదే, మనం కల్పించుకునే పని తప్పిందనుకున్నా. కానీ అమ్మాయి ఆ రాత్రి అన్నం ముందు పెట్టుకుని గోడ మీది క్యాలెండర్ వంకే చూస్తోంది. షిఫ్టులు లెక్కపెట్టుకుంటోందని నాకు అర్థమైంది." ఆయన కాయల కుప్ప వైపు చెయ్యి చూపాడు. "ఇప్పుడు చెప్పు. ఒక్క గుంజు గుంజితే ఇది కరిచేది. నేను పొరపాటు పడ్డాననుకుని ఇంటికి పోయేవాణ్ణి. నీకు తట్టలేదా?"

"తట్టింది సార్."

"మరి?"

రాజేష్ మోతీ వీపు నిమిరాడు. "దానికి మండుతది సార్," అన్నాడు.

చెంచురామయ్య అతని వంక మొదటిసారి నిండుగా చూశాడు.

అప్పుడే గట్టు మీద స్కూటీ చప్పుడైంది. మనోజ్ఞ బండి స్టాండ్ కూడా వేయకుండా పొదకు ఆనించి దిగింది. వాళ్లిద్దర్నీ, కుప్పనూ చూసింది. పరిస్థితి అర్థమైంది.

"నాన్నా, ఈయన తప్పేం లేదు. రమ్మన్నది నేనే."

"కాదు సార్, తోక కోసింది నేనే," అన్నాడు రాజేష్ కంగారులో.

మనోజ్ఞ తల పట్టుకుంది.

"గేటు కాదన్నమాట," అన్నాడు చెంచురామయ్య. ఆయన గొంతు ఆ ఒక్క మాట దగ్గరే కొంచెం కరుకైంది. "ఏ ఊరు మీది?"

"దుమ్ముగూడెం అవతల సార్."

"కోయలా?"

"అవ్ సార్."

ఆయన పంచె మీద ఏదో దులుపుకున్నాడు. "మా వాళ్లు నన్ను పదిమందిలో నిలబెట్టి అడుగుతారు."

"మా వోళ్లు నన్ను కూడా అడుగుతరు సార్."

"నిన్నా? ఏమని?"

"గా మిర్చి షావుకారి బిడ్డ తప్ప నీకు ఇంకెవరూ దొరకలేదారా అని."

చెంచురామయ్య కనుబొమలు పైకి లేచాయి, చాలాసేపు అక్కడే ఉన్నాయి. తర్వాత ఆయన భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడని అర్థం కావడానికి వాళ్లకు కొంచెం టైం పట్టింది.

"నీకేం కావాలే మనూ?" అన్నాడు కూతురి వైపు తిరిగి. "కుక్క వంక పెట్టకుండా చెప్పు."

మనోజ్ఞ రాజేష్‌ను చూసింది. "గ్లౌజులు వద్దు నాన్నా," అంది. "ఈయన కావాలి."

చెంచురామయ్యకు గ్లౌజుల సంగతి తెలియదు. రాజేష్‌కు తెలుసు. అతను కాలవలోకి చూస్తూ నవ్వు దాచుకున్నాడు.

"పెళ్లి మాట పెద్దవాళ్లు కూర్చుని మాట్లాడుకునేది," అన్నాడు చెంచురామయ్య లేస్తూ. "మీ అమ్మానాన్నలను తీసుకురా. అప్పటిదాకా ఒకటి చెప్తా విను. మా ఆవిడ షరతు, కాయలు గడప లోపలికి రాకూడదని. మా ఇంటి ముందు వరండా ఉంది. అది గడప బయటే. రేపట్నుంచి కుక్కను కాయలతోనే తీసుకురండి. అక్కడ కూర్చుని తీయండి."

"వీధిలో అందరూ చూస్తారు నాన్నా," అంది మనోజ్ఞ.

"చూడాలనే."

ఆయన గొడుగు చంకన పెట్టుకుని నడిచాడు. మోతీ ఆయన వెనకాల పది అడుగులు వేసి, ఆగి, వెనక్కి చూసి, మళ్లీ వచ్చి రాజేష్ కాళ్ల దగ్గర కూర్చుంది.

ఆదివారం ఎరువుల టెంపో చండ్రుగొండకు ఎరువులతోనే పోయింది. మనోజ్ఞ అమ్మ ప్రమీలారాణి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు వరండాలోకి కాఫీ గ్లాసులు తెచ్చి, రాజేష్ ప్యాంటు చూసి, "కుక్క సంగతి సరే, ఈ అబ్బాయిని కూడా దులిపి గానీ లోపలికి రానివ్వను," అంది. దాన్ని ఒప్పుకోలుగా తీసుకోవచ్చని మనోజ్ఞ చెప్పింది.

మరుసటి నెలలో రాజేష్ అమ్మానాన్నలు జంపక్క, పగిడయ్య వచ్చారు. రాజేష్ విషయం చెప్పినప్పుడు జంపక్క మొదట తిట్టి, తర్వాత అన్నం పెట్టి, చివర్లో "కుక్క కరుస్తదా?" అని ఒక్కటే అడిగింది. పగిడయ్య, చెంచురామయ్య కుర్చీల కొసన కూర్చుని వానల గురించి, మిర్చి తెగులు గురించి మాట్లాడుకుంటున్నారు. అసలు మాట ఎవరు ఎత్తుతారా అని ఇద్దరూ ఒకరి కోసం ఒకరు చూస్తున్నారు.

జంపక్క కుర్చీ వద్దని మెట్టు మీద కూర్చుంది. మోతీ వచ్చి ఆమె ఒళ్లో మూతి పెట్టింది. ఆమె దాని వీపు నిమిరి, తోక ఎత్తి చూసింది. బొచ్చు ఇంకా సగమే వచ్చింది.

"దీని తోక గిట్లెందుకున్నది? ఎవరు కోసిండ్రు?"

వానలూ తెగుళ్లూ ఆగిపోయాయి. మనోజ్ఞ కాఫీ గ్లాసులోకి చూసింది. రాజేష్ నేల చూపులు చూశాడు. అతనికి కాబోయే మామ గొంతు సవరించుకున్నాడు.

"గేటులో పడిందండీ," అన్నాడు చెంచురామయ్య. "మా గేటు అంత మంచిది కాదు."